తలదెబ్బ తర్వాత నెలకీ తగ్గని నొప్పి

చిరంజీవులకు ఆశీస్సులు.

కబడ్డీ ఆడుతూనో బండి మీంచి పడో తలకు దెబ్బ తగిలాక, మీలో కొందరికి నెల దాటినా తలనొప్పి వదలదు. వెలుతురు పడదు, పుస్తకం తెరిస్తే నాలుగు లైన్లకే కళ్ళు తిరుగుతాయి. స్కాన్ బాగుందని డాక్టరంటే, చదువు ఎగ్గొట్టడానికి సాకని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. సాకు కాదర్రా అది. సీటీ స్కాన్‌లో రక్తం కారడం, ఎముక విరగడం కనబడతాయి. కంకషన్, అంటే దెబ్బకి మెదడు అదరడం, దాని గొడవ కణాల లోపల జరుగుతుంది. ఆ అదురుకి నరకణాల్లోంచి పొటాషియం బయటికి పోయి, కాల్షియం లోపలికి వస్తుంది. దాన్ని సర్దుకోవడానికి మెదడుకి ఎక్కువ శక్తి కావాలి. సరిగ్గా అప్పుడే దానికి అందే రక్తం తగ్గుతుంది.

రక్తపరీక్షలో తేలదా అంటారేమో. జీఎఫ్ఏపీ, యూసీహెచ్-ఎల్1 అనే రెండు ప్రొటీన్లను కొలిచే పరీక్షకి అమెరికాలో మందులకీ పరీక్షలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2018లో అనుమతిచ్చింది. అది దెబ్బ తగిలిన 12 గంటల్లోపు, సీటీ తీయాలా అక్కర్లేదా అని తేల్చడానికి. రెండోది సుమారు 8 గంటలకి, మొదటిది 20 గంటలకి బాగా పెరిగి తర్వాత దిగిపోతాయి. నెల తర్వాత వాటికోసం డబ్బు పొయ్యకండి. ఎన్ఎఫ్ఎల్ అనే మరో ప్రొటీన్ వారాల తరబడి రక్తంలో ఉంటుంది. పరిశోధకులకు దాని మీద ఆశ ఉంది. కానీ మీ తలనొప్పి ఎప్పుడు పోతుందో దాన్ని చూసి చెప్పలేరు.

ఇవాళ నిజంగా పనికొచ్చే గుర్తు మీ గుండె వేగం. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో యూనివర్సిటీలో జాన్ లెడ్డీ, బారీ విల్లర్ దీనికో ట్రెడ్‌మిల్ పరీక్ష తయారుచేశారు. గంటకి సుమారు 5 కిలోమీటర్ల నడక, నిమిషానికి 1 శాతం చొప్పున ట్రెడ్‌మిల్ వాలు పెంచుతారు. ప్రతి నిమిషం "ఇప్పుడెంత?" అని 0 నుంచి 10 వరకు బాధని అంకెలో చెప్పమంటారు. 2తో మొదలై 5కి చేరిందనుకోండి, ఆపేస్తారు. అప్పటి గుండె వేగమే మీ హద్దు. అది నిమిషానికి 150 అయితే అందులో 80 నుంచి 90 శాతం, అంటే 120–135 మధ్య, రోజూ 20 నిమిషాలు నడక గాని, కదలని సైకిల్ గాని. తగ్గే కొద్దీ హద్దు పెంచుతారు. ఈ పరీక్ష ఇంట్లో ఒంటరిగా చేసుకోకండి, పక్కన ఫిజియో ఉండాలి. గుండె జబ్బున్నవాళ్ళకి ఇది పనికిరాదు. డాక్టరు సరేననేదాకా కబడ్డీ కోర్టు వైపు పోవద్దు.

2019లో 103 మంది 13–18 ఏళ్ళవాళ్ళ మీద వచ్చిన ఫలితంలో, దెబ్బ తగిలిన పది రోజుల్లోపే ఈ వ్యాయామం మొదలుపెట్టినవాళ్ళు 13 రోజుల్లో కోలుకున్నారు. ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్ళకి 17 రోజులు పట్టింది. నెల దాటినవాళ్ళు ఇంకా ఓపిక పట్టాలి.

కోలుకోవడాన్ని పాడుచేసేదేమిటంటే, మొదట చీకటి గది. ఒకటి రెండు రోజుల విశ్రాంతి చాలు. ఐదు రోజులు గట్టిగా పడుకోబెట్టినవాళ్ళే ఎక్కువ బాధలు చెప్పారని 2015లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో తేలింది. రెండోది, ఒక్క రోజు తేలిగ్గా ఉందని వారం చదువంతా ఆ రోజే కానివ్వడం. మూడోది నొప్పి మాత్రలు: నెలలో 15 రోజులు, మూడు నెలలకు మించి మింగితే ఆ మాత్రే తలనొప్పి తెస్తుంది. వాంతులు ఆగకపోయినా, మత్తుగా ఉన్నా, ఒక పక్క చెయ్యి బలం తగ్గినా, ఫిట్స్ వచ్చినా ఇదంతా పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

ట్రెడ్‌మిల్ మీద అలసిపోయేదాకా నడిచినా బాధ పెరగలేదా? అప్పుడు గొడవ మెడలోనో కళ్ళలోనో ఉండొచ్చు. పెన్ను మొనని ఎదురుగా పట్టి మెల్లగా ముక్కు దగ్గరికి తెండి. ముక్కుకి 5 సెంటీమీటర్ల కంటే దూరంలోనే మొన రెండుగా కనబడితే, కళ్ళు ఒకచోట కలవడం లేదన్నమాట. చదివితే తలనొప్పి అందుకే కావచ్చు. కళ్ళ డాక్టరుకి ఆ దూరం ఎంతో కొలిచి చెప్పండి.

మీ
తాతయ్య