మరక పోని డబ్బా

టమాటా కూరను వేడివేడిగా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మర్నాడు కడిగి చూడండి. ఎంత తోమినా ఎర్ర మరక వదలదు. టమాటాకు ఆ రంగునిచ్చే లైకోపీన్ నూనెలో కరుగుతుంది. ఆ నూనెతోపాటే, వేడికి కాస్త వదులైన ప్లాస్టిక్ లోపలికి ఇంకిపోతుంది. అందుకే పైపైన ఎంత రుద్దినా లాభం ఉండదు. అదే కూర గాజు గిన్నెలో పెడితే సబ్బునీళ్లకే శుభ్రమవుతుంది.

తిండి నిల్వ చేసే పాత్ర ఏది కొనాలని ఎవరైనా అడిగితే నాకు ముందు ఈ మరకే గుర్తొస్తుంది. కూరలోని రంగు ప్లాస్టిక్‌లోకి వెళ్లగలిగిందంటే, ప్లాస్టిక్‌లో ఉన్నవి కూరలోకి దిగడానికీ దారి ఉన్నట్టే. వేడి, నూనె, పులుపు, ఎక్కువ రోజుల నిల్వ ఆ దారిని వెడల్పు చేస్తాయి. కడిగే తీరు కూడా.

కడిగే తీరుకు ఇందులో ప్రమేయం ఉందని సైన్సుకు గట్టిగా తెలిసివచ్చింది ఒక పొరపాటు వల్ల. 1998లో అమెరికాలో ప్యాట్రీషియా హంట్ అనే జన్యుశాస్త్రవేత్త చుంచెలుకల అండాలపై పరిశోధన చేస్తున్నారు. ఏ ప్రయోగమూ చేయని మామూలు చుంచెలుకల్లో కూడా ఉన్నట్టుండి క్రోమోజోముల లోపాలు పెరిగాయి. 1, 2 శాతం ఉండాల్సినవి 40 శాతానికి చేరాయి. చివరికి కారణం దొరికింది. పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ బోనులను, నీళ్ల సీసాలను ఎవరో పొరపాటున నేల కడిగే ఘాటైన క్షార ద్రావణంతో కడిగారు. ఆ దెబ్బకు ప్లాస్టిక్ దెబ్బతిని బిస్‌ఫినాల్-ఏ (బీపీఏ) అనే రసాయనం బయటికి వచ్చింది. ఇది ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోనులా ప్రవర్తిస్తుందని 1930ల నుంచే తెలుసు. హంట్ బృందం ఈ సంగతిని 2003లో ప్రచురించింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో ఒంట్లోకి చేరే బీపీఏ రోజువారీ పరిమితిని ఏకంగా 20,000 రెట్లు తగ్గించింది. మరుసటి ఏడాదే ఆహారాన్ని తాకే వస్తువుల్లో దీన్ని నిషేధించాలని ఐరోపా యూనియన్ నిర్ణయించింది.

ఇప్పుడు చాలా డబ్బాల మీద ‘బీపీఏ ఫ్రీ’ అని ఉంటుంది. మంచిదే. కానీ ఆ మాట ఏది లేదో చెబుతుంది తప్ప, దాని బదులు ఏది వేశారో చెప్పదు. కొన్నిచోట్ల దాని దగ్గరి చుట్టమైన బిస్‌ఫినాల్-ఎస్ వాడారు. అడుగున త్రికోణంలో కనిపించే 1 నుంచి 7 దాకా అంకెలు కూడా భద్రతకు హామీ కావు. ఏది ఏ రకం ప్లాస్టికో గుర్తుపట్టడానికి 1988లో పెట్టిన గుర్తులవి. 5 అంటే పాలీప్రొపిలీన్, వేడికి బాగా ఆగుతుందని పేరు. కానీ డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ పరిశోధకులు ఆ ప్లాస్టిక్‌తో చేసిన పాలసీసాలను పరీక్షించి 2020లో ఫలితాలు చెప్పారు. నీళ్లు 25 డిగ్రీలున్నప్పుడు లీటరుకు సుమారు 6 లక్షల సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు రాలితే, 95 డిగ్రీలకు ఆ సంఖ్య 5.5 కోట్లకు చేరింది. అందుకే ఏ అంకె ఉన్నా సరే, వేడి పదార్థాన్ని ప్లాస్టిక్‌లో పోయకండి. ప్లాస్టిక్ డబ్బాను మైక్రోవేవ్‌లోనూ పెట్టకండి.

రోజూ వాడుకోవడానికి నేను స్టీలుకే ఓటేస్తాను. ఇందులోని క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించని పలుచటి పొర కడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ తనంతట తానే ఏర్పడుతుంది. గీతలు పడేకొద్దీ పాడయ్యే ప్లాస్టిక్‌కూ దీనికీ అదే పెద్ద తేడా. అడుగున 304 అనో 18/8 అనో ఉందేమో చూడండి: 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ అని అర్థం. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని చాలామంది నమ్ముతారు. అది సరైన పరీక్ష కాదు. నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన చవక రకానికీ అయస్కాంతం అంటుకోదు, కానీ అది త్వరగా తుప్పు పడుతుంది. ఉప్పు, పులుపు రెండూ ఉన్నవాటిని నెలల తరబడి దాచాలంటే మాత్రం స్టీలు కూడా వద్దు, గాజే మేలు. వేడి, చలి మార్పులకు పగలకూడదంటే బోరోసిలికేట్ గాజు తీసుకోండి. వేడికి అది మామూలు గాజులో మూడో వంతు మాత్రమే వ్యాకోచిస్తుంది.

‘వెదురు’ కప్పుల విషయంలో జాగ్రత్త. పూర్తిగా ప్రకృతి వస్తువన్నట్టు అమ్ముతారు గానీ, చాలావాటిలో వెదురు పొడిని పట్టి ఉంచేది మెలమైన్ ప్లాస్టిక్. వేడి పానీయం పోస్తే దాన్నుంచి మెలమైన్, ఫార్మాల్డిహైడ్ అనే రసాయనాలు పానీయంలోకి దిగుతాయి.

ఇక పర్యావరణం సంగతి. గాజు, స్టీలు తయారీకి చాలా శక్తి ఖర్చవుతుంది. కెనడా రసాయన శాస్త్రవేత్త మార్టిన్ హాకింగ్ 1994లో కప్పుల తయారీకి, కడగడానికి అయ్యే శక్తిని లెక్కగట్టారు. వాడి పారేసే కాగితపు కప్పుతో సమానం కావాలంటే గాజు కప్పును 15 సార్లు, పింగాణీ కప్పును 39 సార్లు వాడాలి. తేలికైన ఫోమ్ కప్పుతో పోలిస్తే పింగాణీకి ఆ లెక్క వెయ్యి దాటింది, ఎందుకంటే కడిగిన ప్రతిసారీ వేడినీళ్లకు శక్తి కావాలి. రంగు నచ్చిందని ఏటా కొత్త సీసా కొంటే ఆ లెక్క ఎప్పటికీ తీరదు. ఇంట్లో ఉన్న పాత ప్లాస్టిక్ డబ్బాలను కూడా ఒక్కసారిగా పారేయనక్కర్లేదు. మేకులు, బొత్తాలు, దారపు ఉండలు పెట్టుకోవడానికి అవి చక్కగా పనికొస్తాయి.

స్టీలు సీసాలో ముందుగా పాడయ్యేది మూతలోని సిలికాన్ రింగు. దాని కింద తడి నిలిచి బూజు పడుతుంది, వాసన కూడా అక్కడి నుంచే వస్తుంది. అప్పుడప్పుడూ దాన్ని ఊడదీసి, కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. కొనేటప్పుడు ఆ రింగు విడిగా దొరుకుతుందో లేదో అడగండి. అది దొరికితే అదే సీసాను ఏళ్ల తరబడి వాడుకోవచ్చు.