జూడ్ దాటాక మూసుకున్న దారి

2020 జులై 22, రాత్రి. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌, సెయింట్ ఆండ్రూస్ స్టేడియంలో డెర్బీ కౌంటీతో ఫుట్‌బాల్ మ్యాచ్ అయిపోయింది. బర్మింగ్‌హామ్ సిటీ 1-3తో ఓడింది. మిగతా చోట్ల ఫలితాలు కలిసొచ్చి, 50 పాయింట్లతో 20వ స్థానంలో నిలిచి, కింది డివిజన్‌కు జారిపోకుండా ఎలాగో గట్టెక్కింది. మైదానంలో 17 ఏళ్ల కుర్రాడొకడు ఏడుస్తున్నాడు. స్టాండ్స్ అన్నీ ఖాళీ. కరోనా వల్ల ప్రేక్షకులను రానివ్వని రోజులవి. చిన్నప్పటి నుంచి తమ క్లబ్‌లోనే పెరిగిన పిల్లాణ్ణి చేయి ఊపి సాగనంపడానికి ఒక్క అభిమాని కూడా లోపల లేడు.

ఆ కుర్రాడు జూడ్ బెల్లింగమ్. అంతకు రెండు రోజుల ముందే జర్మనీ క్లబ్ బొరూసియా డార్ట్‌మండ్ అతన్ని తీసుకుంటున్నట్టు ప్రకటించింది. మొదట చెల్లించే మొత్తమే సుమారు 2.5 కోట్ల పౌండ్లని అప్పటి వార్తలు చెప్పాయి. 17 ఏళ్ల ఆటగాడికి అప్పటిదాకా ఎవరూ అంత ధర పెట్టలేదని కూడా రాశాయి.

ఆ తర్వాతి కథ అందరికీ తెలుసు. 2022 వరల్డ్ కప్‌లో ఇరాన్‌పై ఇంగ్లండ్ తొలి గోల్ అతనిదే. మన దగ్గర సాయంత్రం ఆరున్నరకు మొదలైన మ్యాచ్ అది. ఎడమ వైపు నుంచి ల్యూక్ షా వేసిన క్రాస్‌కు గాల్లోకి లేచి, మెడ ఒక్కసారి తిప్పి బంతిని దూరపు మూలకు పంపాడు. 2023లో రియల్ మాడ్రిడ్ 10.3 కోట్ల యూరోలు పెట్టి కొనుక్కుంది. అందుకే అతని తొలి అడుగుల గురించి రాసేవాళ్లు ఎక్కువగా ప్రతిభ, కష్టం, పట్టుదల అంటూ మొదలుపెడతారు. అవన్నీ నిజమే. కానీ ఒక 17 ఏళ్ల ఇంగ్లిష్ కుర్రాడు ఆ వేసవిలో విదేశీ క్లబ్‌కు తలుపు దాటి వెళ్లగలగడం వెనక వేరే చరిత్ర ఉంది. ఆ తర్వాత ఐదు నెలలకే ఆ తలుపు మూసుకుపోయింది. ఇవాళ ఇంగ్లండ్ క్లబ్‌ల శిక్షణ అకాడమీల్లో ఉన్న పదహారు, పదిహేడేళ్ల పిల్లలకు అది లేదు. ఆ సంగతి చెప్పకుండా బెల్లింగమ్ కథ చెబితే సగమే చెప్పినట్టు.

మొదట ఇంటి నుంచి వద్దాం. జూడ్ 2003 జూన్ 29న బర్మింగ్‌హామ్‌కు దగ్గర్లోని స్టోర్‌బ్రిడ్జ్‌లో పుట్టాడు. తండ్రి మార్క్ పోలీసు సార్జెంటు. ఉద్యోగం చేసుకుంటూనే నాన్-లీగ్ క్లబ్‌లకు ఆడేవాడు, ఆ మైదానాల్లో వందల గోల్స్ కొట్టిన స్ట్రైకర్‌గా పేరుంది. నాన్-లీగ్ అంటే మన జిల్లా స్థాయి టోర్నీల్లాంటి వాతావరణం అనుకోండి. బురద నేల, కొన్ని వందల మంది జనం, మ్యాచ్ అయ్యాక మర్నాడు డ్యూటీ. స్టోర్‌బ్రిడ్జ్ జూనియర్స్‌లో ఆడిన కొడుకు అండర్-8 వయసులో బర్మింగ్‌హామ్ సిటీ అకాడమీకి చేరాడు. అక్కడి కోచ్ మైక్ డాడ్స్ అతనికో లెక్క చెప్పాడు. మిడ్‌ఫీల్డ్‌లో వెనక ఉండి బంతిని అడ్డుకునేవాడిది 4వ నంబరు, తమ గోల్ ముందు నుంచి అవతలి గోల్ ముందు దాకా పరిగెత్తేవాడిది 8, ముందుండి గోల్స్ పుట్టించేవాడిది 10. నువ్వు మూడూ చేయగలవు, ఒక్కదానికే కట్టుబడక్కర్లేదు అన్నాడు. నాలుగూ ఎనిమిదీ పదీ కలిపితే 22. జూడ్ చొక్కా మీదకు ఆ నంబరు వచ్చింది అలాగే.

ఈ లెక్క వెనక ఓర్పు ఉంది. పన్నెండేళ్ల పిల్లాణ్ణి ఒక స్థానానికి కట్టేస్తే రేపటి మ్యాచ్ గెలవచ్చు. కట్టకుండా వదిలితే ఫలితం ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ అకాడమీ వదిలింది.

ఇంగ్లండ్‌లో పిల్లాడు క్లబ్‌లో పెరిగే పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. పదహారేళ్లకు స్కాలర్‌షిప్ ఇస్తారు, ప్రొఫెషనల్ కాంట్రాక్టు మీద సంతకం మాత్రం 17 నిండాకే. ఒకప్పుడు టీనేజీ పిల్లాణ్ణి క్లబ్ తీసుకోవాలంటే అతని ఇల్లు గంటన్నర ప్రయాణ దూరంలో ఉండాలనే నిబంధన ఉండేది. 2012లో ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ తెచ్చిన కొత్త అకాడమీ విధానంతో మొదటి శ్రేణి అకాడమీలకు ఆ హద్దు సడలింది. పిల్లాణ్ణి తీసుకెళ్తే పాత క్లబ్‌కు ఎంత ఇవ్వాలో ముందే పట్టిక కట్టారు. ఆ పట్టికలో అంకెలు చిన్నవి. దాంతో చిన్న క్లబ్‌ల పరిస్థితి నీళ్లు పోసి పెంచిన చెట్టు కాయలు పక్కింటివాళ్లు కోసుకున్నట్టయింది. ఇది గిట్టుబాటు కాదని బ్రెంట్‌ఫర్డ్ 2016లో తన అకాడమీనే మూసేసింది. పెద్ద క్లబ్‌కు వెళ్లిన పిల్లాడికైనా మేలు జరిగిందా అంటే, చాలామంది అండర్-21 జట్లలోనే ఏళ్లు గడిపేసేవారు. మొదటి జట్టులో కోట్లు పోసి కొన్న విదేశీ ఆటగాళ్లుండేవారు.

బర్మింగ్‌హామ్‌లో జూడ్‌కు 16 ఏళ్లకే మొదటి జట్టులో చోటు దొరకడానికి ఒక కారణం క్లబ్ డబ్బు ఇబ్బందులేనని నా నమ్మకం. 2011లో లీగ్ కప్ గెలిచి, అదే సీజన్‌లో ప్రీమియర్ లీగ్ నుంచి జారిపోయిన క్లబ్ అది. తర్వాత మళ్లీ పైకి రావాలన్న ఆత్రంలో ఆదాయానికి మించి ఖర్చుపెట్టింది. రెండో డివిజన్ నిబంధనల ప్రకారం మూడేళ్లలో కలిపి 3.9 కోట్ల పౌండ్లకు మించి నష్టం రాకూడదు. బర్మింగ్‌హామ్ నష్టాలు దాన్ని దాటి దాదాపు 4.9 కోట్లకు చేరాయి. 2019 మార్చిలో లీగ్ 9 పాయింట్లు కోత పెట్టింది. అలాంటి క్లబ్ కొత్త ఆటగాళ్లను స్వేచ్ఛగా కొనలేదు, ఉన్న పిల్లలను ఆడించాల్సిందే.

అలా 2019 ఆగస్టు 6న, పోర్ట్స్‌మత్‌లో లీగ్ కప్ మ్యాచ్‌కు 16 ఏళ్ల 38 రోజుల కుర్రాడు బరిలో దిగాడు. జట్టు 0-3తో ఓడిపోయింది. అయితేనేం, క్లబ్‌కు ఆడిన అతి చిన్నవాడిగా 1970లో ట్రెవర్ ఫ్రాన్సిస్ పేరిట నమోదైన రికార్డు చెదిరింది. ఫ్రాన్సిస్ అప్పుడు 16 ఏళ్ల 139 రోజులవాడు. అతన్ని కూడా బర్మింగ్‌హామ్ చివరికి అమ్మేసింది. 1979లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు వెళ్లి, బ్రిటన్‌లో తొలి పది లక్షల పౌండ్ల ఆటగాడయ్యాడు. పెంచడం, అమ్మడం, రికార్డు ధర: నలభై ఏళ్ల తేడాతో అదే ఊళ్లో అదే కథ రెండుసార్లు జరిగింది.

ఆగస్టు 31న స్టోక్ సిటీ మ్యాచ్‌లో జెఫర్సన్ మోంటెరోకు దెబ్బ తగిలి బయటికి వెళ్తే, మొదటి అర్ధభాగంలోనే జూడ్‌ను పంపారు. రెండో అర్ధభాగంలో అతను కొట్టిన బంతి ప్రత్యర్థి కాలికి తగిలి దారి మారి నెట్‌లో పడింది. అందులో అదృష్టం పాలు ఉంది, కానీ ఆ షాట్ కొట్టే ధైర్యం మాత్రం అతనిదే. 2-1తో గెలిచిన ఆ మ్యాచ్‌తో 16 ఏళ్ల 63 రోజులకు క్లబ్‌లో అతి చిన్న గోల్ స్కోరర్ అయ్యాడు. తర్వాతి మ్యాచ్‌లో చార్ల్‌టన్ మీద 1-0 గెలుపులో ఆ ఒక్క గోలూ అతనిదే. ఆ సీజన్‌లో మొత్తం 44 మ్యాచ్‌లు ఆడాడు, నాలుగు గోల్స్ కొట్టాడు. బలమైన మగాళ్లతో, వారానికి రెండు మ్యాచ్‌ల లెక్కన, జట్టు నెగ్గుతుందో లేదో తెలియని టెన్షన్ మధ్య ఆడిన 44 మ్యాచ్‌లు. ఏ పెద్ద క్లబ్ అండర్-21 జట్టూ ఇవ్వలేని చదువు అది.

ఇక అమ్మకం. కొన్న ఆటగాడి ధరను క్లబ్ తన లెక్కల్లో కాంట్రాక్టు ఏళ్ల మీద పంచుకుంటూ పోతుంది, అమ్మేటప్పుడు ఇంకా మిగిలిన భాగాన్ని తీసేశాకే లాభం తేలుతుంది. సొంత అకాడమీ పిల్లాడికి కొన్న ధరంటూ ఉండదు కాబట్టి వచ్చిన ప్రతి పౌండూ లాభం కిందే. నష్టాల హద్దు దాటిన క్లబ్‌కు ఇంతకంటే పెద్ద ఊరట లేదు. ఇల్లు గడవని రైతు పంటను చేను మీదే అమ్ముకున్నట్టు బర్మింగ్‌హామ్ అమ్ముకుంది. వెంటనే 22వ నంబరు చొక్కాకు క్లబ్ శాశ్వత విశ్రాంతి ఇచ్చింది. ఒక్క సీజన్ ఆడిన కుర్రాడికి ఇంత గౌరవమా అని చాలామంది వెక్కిరించారు. నాకు మాత్రం అది తల్లి మనసులాగే అనిపించింది.

మాంచెస్టర్ యునైటెడ్ కూడా గట్టిగానే ప్రయత్నించింది. ఆ వసంతంలో జూడ్ కుటుంబం వాళ్ల శిక్షణ కేంద్రానికి వెళ్లింది, ఆ క్లబ్ పాత మేనేజర్ సర్ అలెక్స్ ఫెర్గూసన్ స్వయంగా వచ్చి పలకరించాడు. అయినా జూడ్ డార్ట్‌మండ్‌నే ఎంచుకున్నాడు. ఆ దారి అతనికి ముందే కొందరు వేసి ఉంచారు. 2017లో 17 ఏళ్ల జేడన్ సాంచో మాంచెస్టర్ సిటీ వదిలి డార్ట్‌మండ్ చేరి, ఏడాది తిరిగేసరికి ఇంగ్లండ్ జాతీయ జట్టుకు ఆడాడు. 2018లో నోని మడుయెకె పదహారేళ్లకే టాటెనమ్ నుంచి నెదర్లాండ్స్‌లోని పీఎస్‌వీకి వెళ్లాడు. 2019లో జమాల్ ముసియాలా చెల్సీ అకాడమీ నుంచి బయర్న్ మ్యూనిక్‌కు వెళ్లాడు, అతనికీ అప్పుడు పదహారే. స్వదేశంలో బెంచీ మీద కూర్చునే బదులు పరాయి దేశంలో ఆడదాం అనుకున్న తరం వాళ్లది.

ఆ తరానికి ఆ వీలు ఇచ్చింది ఫిఫా నిబంధనల్లోని ఒక మినహాయింపు. 18 నిండని ఆటగాణ్ణి దేశం దాటించి క్లబ్ మార్చకూడదు, ఇది మూల నియమం. పిల్లల్ని సరుకులా తిప్పే దందాను ఆపడానికి పెట్టిన మంచి నియమమే. కానీ యూరోపియన్ యూనియన్, దాని ఆర్థిక మండలి దేశాల మధ్య మాత్రం 16 నిండితే చాలు. ఇంగ్లిష్ క్లబ్‌లు కూడా ఈ వెసులుబాటును బాగానే వాడుకున్నాయి. 2003లో బార్సిలోనా నుంచి 16 ఏళ్ల సెస్క్ ఫాబ్రెగాస్‌ను ఆర్సెనల్ తీసుకుపోయింది ఇలాగే.

2016లో బ్రిటన్ ప్రజలు యూనియన్ నుంచి బయటికి రావాలని ఓటేశారు. 2020 జనవరి 31న దేశం అధికారికంగా బయటపడింది, అయితే ఆ ఏడాది చివరి దాకా పాత నిబంధనలే నడిచాయి. జూడ్ జులైలో వెళ్లాడు, అప్పటికి 17 నిండి ఇంకా నెల కూడా కాలేదు. డిసెంబరు 31తో గడువు, దాంతోపాటే బ్రిటన్‌కు ఆ మినహాయింపు ముగిశాయి. ఇంకొన్నాళ్లు చూద్దాంలే అని ఇల్లు ఆలోచించి జనవరికి వాయిదా వేసి ఉంటే, 18 నిండే 2021 జూన్ 29 దాకా ఆగాల్సి వచ్చేది. ఆగకుండా వెళ్లినందుకు ఆ లోపు ఏం జరిగిందో చూడండి. తల్లి డెనీస్ అతనికి తోడుగా డార్ట్‌మండ్‌లో ఉంది, తండ్రి చిన్న కొడుకుతో ఇంగ్లండ్‌లో ఉన్నాడు. సెప్టెంబరు 14న తొలి మ్యాచ్‌లోనే, డ్యూస్‌బర్గ్‌పై, గోల్ కొట్టాడు. నవంబరు 12న ఐర్లాండ్‌తో వెంబ్లీలో ఇంగ్లండ్ సీనియర్ జట్టుకు దిగాడు. 2021 మేలో జర్మన్ కప్ గెలిచాడు. జూన్ 13న క్రొయేషియా మ్యాచ్‌తో యూరో టోర్నీలో ఆడిన అతి చిన్న ఇంగ్లండ్ ఆటగాడయ్యాడు. ఇదంతా 18 నిండకముందే.

ఇప్పుడు పరిస్థితి అది కాదు. ఇంగ్లిష్ క్లబ్‌లు ఫ్రాన్స్, స్పెయిన్ పిల్లల్ని 18 దాకా తెచ్చుకోలేవు. దాంతో స్వదేశీ పిల్లల కోసం పోటీ పెరిగిందనీ, వాళ్లకు మొదటి జట్టు అవకాశాలు మెరుగయ్యాయనీ కొందరంటారు. ఆర్సెనల్ 2022లో ఈథన్ న్వానెరీని 15 ఏళ్ల 181 రోజులకే ప్రీమియర్ లీగ్‌లో దించింది. 2024లో చెల్సీ నుంచి లివర్‌పూల్ చేరిన రియో న్‌గుమోహా మరుసటి ఏడాది న్యూకాజిల్‌పై పదహారేళ్లకే గెలుపు గోల్ కొట్టాడు. ఇవి సంతోషించాల్సినవే. కానీ వీళ్లు వేలల్లో ఒకరిద్దరు. మిగతావాళ్లకు 16 నుంచి 18 మధ్య రెండేళ్లు, ఆటగాడి కాళ్లలో ఆట కుదురుకునే రెండేళ్లు, పరాయి దేశపు తలుపు తట్టే వీలు లేదు. వాళ్లను ఆడించని క్లబ్‌కు వాళ్లను పోగొట్టుకుంటామన్న భయమూ తగ్గింది.

జూడ్ తమ్ముడు జోబ్ 2005లో పుట్టాడు. అతనూ బర్మింగ్‌హామ్‌లోనే పెరిగి, 2022 జనవరిలో పదహారేళ్లకు మొదటి జట్టుకు ఆడాడు. అన్నయ్యలా పదిహేడులో జర్మనీ వెళ్లే దారి అతనికి లేదు. 2023లో సండర్లాండ్ చేరాడు, అన్నయ్యకు లెక్క చెప్పిన మైక్ డాడ్స్ అప్పటికి అక్కడే కోచ్. రెండు సీజన్లు రెండో డివిజన్‌లో ఆడి, జట్టును ప్రీమియర్ లీగ్‌కు చేర్చాకే 2025 జూన్‌లో డార్ట్‌మండ్‌కు సంతకం చేశాడు. అప్పటికి అతనికి 19. ఆ వయసుకు అన్నయ్య అదే పసుపుపచ్చ చొక్కాలో రెండు పూర్తి సీజన్లు ఆడేసి ఉన్నాడు.