మార్కర్ పెరిగితే క్యాన్సర్ వచ్చేసినట్టేనా?

రక్తపరీక్ష రిపోర్టులో సిఏ-125 (అండాశయ క్యాన్సర్‌కి మార్కర్‌గా చూసే ఒక ప్రొటీన్) ఎదురుగా ‘హై’ అని కనిపిస్తే చాలు, మా బెంగళూరు ల్యాబ్‌కి ఫోన్. తెలుగులో చెప్పే మనిషి ఉందని మదనపల్లె, అనంతపురం నుంచి కూడా చేస్తారు. అడిగేది ఒకటే: “మేడమ్, ఏ స్టేజీ?”

అపోహ: మార్కర్ పెరిగితే క్యాన్సర్, నార్మల్ అయితే లేనట్టే.

రెండూ తప్పే. సిఏ-125 క్యాన్సర్ కణాల సొత్తేమీ కాదు, కడుపు లోపలి పొర కూడా తయారుచేస్తుంది. నెలసరిలో, గర్భంతో ఉన్నప్పుడు, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం), గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు, లివర్ సిరోసిస్ ఉన్నా నార్మల్ హద్దు 35 దాటొచ్చు. ఆమధ్య ఒకావిడ కడుపులో నీరుతో వచ్చారు. సిఏ-125 వందల్లో ఉంది. ఊళ్లో ఎవరో ‘ఇక లాభం లేదు’ అన్నారట, కొడుకు అప్పటికే పొలం బేరం పెట్టేశాడు. బయాప్సీలో తేలింది టీబీ! మందులతో తగ్గిపోయింది. పొలం అమ్ముడుపోకముందే తెలిసింది, అదే నయం.

ఇంతకంటే కొంప ముంచేది నార్మల్ రిపోర్టు. తొలి దశ అండాశయ క్యాన్సర్లలో దాదాపు సగం మందికి సిఏ-125 పెరగనే పెరగదు. హెల్త్ ప్యాకేజీలో నార్మల్ వచ్చిందన్న ధైర్యంతో, తగ్గని కడుపుబ్బరానికి నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగినవాళ్లున్నారు. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2021లో తేల్చిందేమిటంటే, ఏ లక్షణాలూ లేనివాళ్లకు ఏటా ఈ పరీక్ష చేసినా చావులు తగ్గలేదు. అయినా ప్యాకేజీలు అమ్ముతూనే ఉన్నారు, ఏం చెప్తాం!

జబ్బు నిర్ధారణయ్యాక మాత్రం మార్కర్ బాగా పనికొస్తుంది. కీమోకి అంకె దిగుతోందా, మళ్లీ ఎక్కుతోందా అని చూస్తాం. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి. మెషీన్ మారితే అంకె మారుతుంది, ఊరికే టెన్షన్.

మిగతావి గబగబా. రొమ్ము క్యాన్సర్ బయాప్సీ రిపోర్టులో హెర్2 అనే ప్రొటీన్‌కి ‘2+’ అంటే రెండో స్టేజీ కాదు. కణం అంచున ఆ ప్రొటీన్ ఎంత రంగు పట్టిందో చెప్పే స్కోరు. 2+ అటూ ఇటూ తేలదు కాబట్టి ఫిష్ టెస్టుకి (ఆ ప్రొటీన్ జన్యువు కాపీలు లెక్కపెట్టే పరీక్ష) పంపుతాం. కేఐ-67 30 శాతం అంటే 30 శాతం ఒంట్లో పాకిందని కాదు, గడ్డలో నూటికి 30 కణాలు విభజన పనిలో ఉన్నాయని. ‘ప్రొటీన్ ఎక్కువుందన్నారు’ అని పేషెంటుకి గుడ్లు, పప్పు మాన్పించేవాళ్లకి దండం. ఆ ప్రొటీన్ వేరు, తినేది వేరు. కీమోలో ఉన్నవాళ్లకి తిండి మాన్పించకండి.

ఇంకోటి, బయాప్సీ ముక్క మీ చేతికిచ్చి పంపితే అది ఫార్మలిన్‌లోనే (కణాలు చెడకుండా ఉంచే ద్రవం) ఉందా అని అడగండి. సెలైన్‌లో వేసుకుని రాత్రి బస్సులో తెస్తే పొద్దుటికి కణాలు చెడిపోతాయి, మేం వేసే రంగుని నమ్మలేం. మళ్లీ సూది పొడిపించుకోవాల్సి వస్తుంది.