ఏకశిలానగరం ఏది? బమ్మెరకూ ఒంటిమిట్టకూ మధ్య పోతన

జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో బమ్మెర ఒక మామూలు పల్లె. రాజగోపురాలు, కోటగోడలు చూడాలని వచ్చేవారికి ఇక్కడ నిరాశే. ఊరివాళ్లు చూపించేవి పోతన సమాధి, ఆయన దున్నాడని చెప్పే పొలం, బావి. ఆ పొలం గట్టున నిలబడితే తెలుగు చదువుకున్న ఎవరికైనా ‘సత్కవుల్ హాలికులైన నేమి’ అన్న మాట గుర్తుకు రాక మానదు. ఆ పద్యం భాగవతంలోది కాదు, చాటువుగా, అంటే ఏ కావ్యంలోనూ చేరకుండా జనం నోట నిలిచిన విడి పద్యంగా, ప్రచారంలో ఉన్నది. అయినా పోతన అనగానే చాలామంది మనసులో మెదిలేది నాగలి పట్టిన ఈ కవే.

దక్షిణాన, కడప నుంచి తిరుపతి వెళ్లే దారిలో ఒంటిమిట్ట ఉంది. అక్కడ గోపురాలకు కొదవ లేదు. 1652లో అటుగా వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్ కోదండరామాలయాన్ని చూసి మెచ్చుకున్నాడు. ఆ గుడిలోనూ పోతన విగ్రహం ఉంది. ఆయన భాగవతం తెనిగించింది ఇక్కడేనని స్థానికుల నమ్మకం. పదిహేనో శతాబ్దపు కవి ఒక్కడే, ఆయన తమవాడే అనే ఊళ్లు రెండు. ఈ తగవు ఎక్కడ మొదలైంది?

మొదలైంది పోతన కలం నుంచే. భాగవతం అవతారికలో, అంటే పీఠికలో, ఆయన తన సంగతి కొంత చెప్పుకున్నాడు. చంద్రగ్రహణం నాడు గంగలో మునిగి, ఇసుకతిన్నె మీద మహేశ్వర ధ్యానంలో ఉండగా రామభద్రుడు కనిపించి భాగవతాన్ని తెలుగు చెయ్యమన్నాడట. ఆ తరువాత ‘కొన్ని దినంబుల కేకశిలానగరంబునకుం జనుదెంచి’ పెద్దల అనుమతితో రచన మొదలుపెట్టానన్నాడు. ఊరి పేరు తెలుగులో చెప్పి ఉంటే గొడవే లేకపోయేది. సంస్కృతంలో చెప్పాడు.

ఏకశిల అంటే ఒంటి రాయి. బమ్మెరకు దగ్గరి పెద్ద నగరం ఓరుగల్లు, ఇప్పటి వరంగల్. దాని పేరులోనే ఆ ఒంటి రాయి ఉంది. కాకతీయుల కాలం నుంచే ఆ నగరానికి ఏకశిలానగరమన్న వాడుకా ఉంది. ఒంటిమిట్టవారు మరో రకంగా లెక్క చెబుతారు: గుడిలోని సీతారామలక్ష్మణులను ఒకే శిలలో చెక్కారు, ఊరి పేరులో ‘ఒంటి’ ఉండనే ఉంది. అయితే మిట్ట అంటే రాయి కాదు కదా అన్నది అవతలివారి ఆక్షేపణ. దానికి తోడు ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు బోయల వల్ల ఆ పేరు వచ్చిందని ఒంటిమిట్టలోనే కథ చెప్పుకుంటారు. సొంత ఊరి కథే సొంత వాదానికి అడ్డుపడటం చూస్తే నవ్వొస్తుంది.

‘గంగ’ మీదా వాదం నడిచింది. కాశీ దాకా వెళ్లాడని కొందరంటారు. కానీ గోదావరి ఒడ్డున ఉండే తెలంగాణ పల్లెల్లో ఆ నదిని ఇప్పటికీ గంగ అనే పిలుస్తారు. ఓరుగల్లువాడైతే గ్రహణస్నానానికి ఆ గంగకు వెళ్లి కొన్ని రోజుల్లో తిరిగి రావడం సహజమే.

ఇక బమ్మెర మాట. రాజులకు కావ్యం అంకితమివ్వనన్న ‘ఇమ్మనుజేశ్వరాధములకు’ పద్యంలో కవి తన పేరును ‘బమ్మెర పోతరాజొకఁడు’ అని చెప్పుకున్నాడు. ఆ పద్యంలో ప్రాసాక్షరం, అంటే ప్రతి పాదంలోనూ ఒకటిగా ఉండాల్సిన రెండో హల్లు, మకార ద్విత్వం (మ్మ): ఇమ్మ, సొమ్ము, సమ్మె, చివరి పాదంలో బమ్మె. ప్రాస స్థానంలో బిగిసి కూర్చున్న ఆ ఇంటిపేరును ఏ లేఖకుడూ తేలిగ్గా మార్చలేడు. అంతవరకు బమ్మెరవారి పక్షం గట్టిదే. కానీ ఇంటిపేరు మనిషి వెంట నడుస్తుంది. ఇంటిపేరుగా మోస్తున్న ఊళ్లను ఒక్కసారైనా చూసినవాళ్లు మనలో ఎంతమంది?

రాచకొండ కథ కూడా ఉంది. రాచకొండను ఏలిన సర్వజ్ఞ సింగభూపాలుడు భాగవతం తనకు అంకితమివ్వమంటే పోతన కాదన్నాడని, రాజు ఆగ్రహించి ఆ ప్రతులను పాతిపెట్టించాడని, శిథిలమైన భాగాలను తరువాత ఇతరులు పూరించారని చెబుతారు. అయిదో స్కంధం గంగన, ఆరోది సింగన, పదకొండు, పన్నెండు స్కంధాలు నారయ రాసినవన్నది మాత్రం గ్రంథమే చెబుతుంది. పాతిపెట్టిన కథ నిజమైతే రాచకొండ ప్రభువు చేతికి అందేంత దూరంలో ఉన్నది ఓరుగల్లే. కట్టుకథ అంటే ఎవరికీ సాక్ష్యం కాదు.

నన్ను ఓరుగల్లు వైపు మొగ్గేలా చేసేది ఇవేవీ కాదు, బమ్మెర ఇరుగుపొరుగు. పక్కనే ఉన్న పాలకుర్తి బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుడి ఊరు, జాను తెనుగును, అంటే జనానికి తేలిగ్గా అర్థమయ్యే తెలుగును, నెత్తిన పెట్టుకున్న వీరశైవ కవి గడ్డ. పోతన కూడా మొదట వీరభద్ర విజయం అనే శైవ కావ్యం రాసినవాడే. మహేశ్వరుణ్ణి ధ్యానిస్తుంటే రాముడు కనిపించాడని చెప్పడం, చేతులారా శివుణ్ణి పూజించమని, నోరు నొవ్వంగ హరికీర్తి పాడమని ఒకే పద్యంలో చెప్పడం అలాంటి నేల మీద పెరిగిన కవికే తోచే మాటలనిపిస్తుంది. ఇది రుజువు కాదు, నా మొగ్గు మాత్రమే.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ చర్చకు వేడి పుట్టించింది పాండిత్యం ఒక్కటే కాదు. ఒంటిమిట్ట పక్షాన నిలిచినవారిలో ముఖ్యుడు ఆంధ్ర వాల్మీకి వావిలికొలను సుబ్బారావు. టెంకాయచిప్ప పట్టుకుని భిక్షమెత్తి గుడిని ఉద్ధరించిన మనిషి. ఆయనకు పోతన ఒంటిమిట్టవాడు కావడం భక్తికి సంబంధించిన సంగతి. అదే కాలంలో నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న ఎత్తిపొడుపు వినిపించింది. దానికి జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అలాంటి రోజుల్లో పోతన్నను కూడా దక్షిణానికి తరలిస్తామంటే తెలంగాణవారికి ఎలా ఉంటుంది?

2014లో రాష్ట్రం రెండయ్యాక పాత వాదానికి ప్రభుత్వాల ముద్రలు పడ్డాయి. భద్రాచలం తెలంగాణలో ఉండిపోవడంతో ఆంధ్రప్రదేశ్ 2015 నుంచి శ్రీరామనవమి అధికారిక ఉత్సవాలకు ఒంటిమిట్టను ఎంచుకుంది. ఆ ఏడాదే ఆలయం తిరుమల తిరుపతి దేవస్థానాల చేతికి వెళ్లింది. ఇటు తెలంగాణ ప్రభుత్వం 2017లో బమ్మెర అభివృద్ధి పనులకు శంకుస్థాపన చేసింది. అదే డిసెంబరులో హైదరాబాదులో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల ప్రాంగణానికి పాల్కురికి సోమన పేరు, వేదికకు బమ్మెర పోతన పేరు పెట్టారు. ఒకే మండలంలోని రెండు పల్లెల కవులు అలా లాల్ బహదూర్ స్టేడియంలో మళ్లీ ఇరుగుపొరుగయ్యారు.