జాలరిపేట లెక్క జిల్లా సగటులో దొరకదు

విశాఖలో మత్స్యకారులుండే జాలరిపేట లాంటి ఏ పేట జనాభా వివరం కావాలన్నా 2011 జనగణన దగ్గరికే వెళ్లాల్సి వస్తోంది. 2021 జనగణన కోవిడ్‌తో ఆగింది. తర్వాతి లెక్కింపు 2027 ఫిబ్రవరికి పెట్టారు. ఈలోగా 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా విడిపోయి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వచ్చాయి. అంతకుముందు తీసిన ఏ జిల్లా సగటులోనైనా బీచ్ రోడ్డు అపార్ట్‌మెంటూ, పాడేరు కొండమీది గూడెమూ కలిసే ఉంటాయి.

ఏటా జరిగే నమూనా సర్వేలతో ఈ లోటు పూడదా అంటే, చిన్న ఊరి వాటాకు వచ్చే ఇళ్లు మరీ తక్కువ. ఉదాహరణకు ఒక పేటలో 40 మందిని అడిగితే 10 మంది పని లేదన్నారనుకుందాం. 25 శాతం అని రాసేస్తాం గానీ, అసలు సంఖ్య దాదాపు 12, 38 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఐదేళ్లవి కలిపి 200 మందైతే ఆ వెడల్పు 19 నుంచి 31కి తగ్గుతుంది. నమూనా ఐదింతలైనా పొరపాటు సగానికి కాస్త ఎక్కువే తగ్గుతుంది, అంతే. పక్కపక్క ఇళ్లనే అడిగితే ఆ మేలు కూడా కరుగుతుంది, ఎందుకంటే ఇరుగుపొరుగు బతుకులు ఒకే తీరుగా ఉంటాయి.

ఏళ్లను కలిపే ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో 2000 జనగణన దాకా ఆరిళ్లలో సుమారు ఒకరికి ఎక్కువ ప్రశ్నలున్న పెద్ద ఫారం ఇచ్చేవారు. ఆ వివరాలు పదేళ్లు పాతబడేవి. నమూనాను నెలనెలా తిప్పుతూ పోగుచేయాలని గణాంక శాస్త్రవేత్త లెస్లీ కిష్ 1981లో సూచించారు. ఆ దారిలోనే 2005లో అమెరికన్ కమ్యూనిటీ సర్వే పూర్తి స్థాయిలో మొదలైంది. 65,000 జనాభా దాటిన చోట్లకు ఏడాది అంచనా ఇస్తారు. చిన్న ఊళ్లకు ఐదేళ్లు కలిపినదే. మొదటిది 2005-09కి, 2010 డిసెంబరులో వచ్చింది. మన దేశంలో జనన మరణాలను నమూనాగా లెక్కించే శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ కూడా ప్రసూతి మరణాల లెక్కకు మూడేళ్లు కలుపుతుంది. 2018-20కి లక్ష సజీవ జననాలకు 97 అన్న అంకె అలా వచ్చిందే. అరుదైన ఘటనకు ఏడాది నమూనా చాలదు.

నెలనెలా అడగడం వల్ల ఇంకో లాభముంది, విశాఖకు అదే ముఖ్యం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. మే నెలలో జాలరిపేటకు వెళ్లి అడిగితే పనిలేనివారు బోలెడు కనిపిస్తారు, డిసెంబరులో కనిపించరు.

చెడేది ఎక్కువగా కలిపేటప్పుడే. ఐదేళ్లు కలిపితే ప్రతి ఏడాది మల్టిప్లయర్‌ను, అంటే నమూనాలోని ఒక్కొక్కరు ఎంతమందికి లెక్కో చెప్పే అంకెను, ఐదుతో భాగించాలి. మరిస్తే శాతాలు సరిగ్గానే అనిపిస్తాయి, జనాభా మాత్రం ఐదింతలవుతుంది. ఆదాయాలను చివరి ఏడాది ధరల్లోకి మార్చాలి. 2019-23 అంచనాను 2020-24తో పోల్చకూడదు. నాలుగేళ్లు రెండింటిలోనూ ఉన్నవే. తేడా అంటూ కనిపించేది 2024కీ 2019కీ మధ్య మార్పులో ఐదో వంతు మాత్రమే. ఉపాధి, నిరుద్యోగాలను లెక్కించే కేంద్ర కార్మిక సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్) నమూనా పద్ధతి 2025 జనవరిలో మారింది కాబట్టి దానికి ముందువీ తర్వాతవీ గుడ్డిగా కలపడానికి లేదు.

అన్నిటికంటే శ్రమ హద్దులది. 2007 ఎన్నికల్లో విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీకి 72 వార్డులు, 2021లో 98. పాత 20వ వార్డు, ఇప్పటి 20వ వార్డు ఒకటే అనుకుని కలిపితే వేరే పేట మనుషులు లెక్కలో చేరతారు. వీధుల వారీగా పాత వార్డుకు కొత్త వార్డు ఏదో పట్టిక రాసుకున్నాకే కలపడం మొదలుపెట్టాలి.