పప్పన్నం పెట్టకూడని బిడ్డ

మనవైపు పథ్యమంటే పది రోజుల మాట. కామెర్లు తగ్గేదాకా నూనె, కారం మానిపించి, ఆ తర్వాత అన్నీ పెట్టేస్తాం. ఫినైల్‌కీటోన్యూరియా (పీకేయూ) అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్న బిడ్డ పథ్యం జీవితాంతం సాగుతుంది. అందులో మానిపించడం కన్నా కొలిచి పెట్టడమే కష్టం.

ప్రొటీన్ ఉన్న ప్రతి తిండిలోనూ ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. కాలేయంలోని ఒక ఎంజైమ్ దాన్ని టైరోసిన్ అనే మరో అమైనో ఆమ్లంగా మార్చాలి. ఆ ఎంజైమ్ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపంతోనే వస్తే, ఫినైల్ అలనిన్ రక్తంలో పేరుకుని మెదడును దెబ్బతీస్తుంది. మేనరికాల్లో ఈ ముప్పు ఎక్కువ. పుట్టినప్పుడు బిడ్డ బాగానే కనబడుతుంది. ఒంటికి ఎలుక వాసన, ఫిట్స్ వచ్చేసరికి జరిగిన నష్టం పూడదు. అందుకే పుట్టిన 24 గంటల తర్వాత, మూడు రోజుల్లోపు మడమ రక్తపు చుక్కతో పరీక్ష చేయించాలి. ఫినైల్ అలనిన్ ఎక్కువని తేలితే, ఆ ఎంజైమ్‌కు తోడ్పడే బీహెచ్4 అనే పదార్థం లోపం ఉందేమో కూడా చూడాలి. దానికి పథ్యం ఒక్కటే చాలదు, మందులు వేరు.

ఇక వంటింటి లెక్క. 1 గ్రాము ప్రొటీన్‌కు సుమారు 50 మిల్లీగ్రాముల ఫినైల్ అలనిన్. బిడ్డ రోజుకు 300 మిల్లీగ్రాములు తట్టుకోగలదనుకుందాం. ఒక్క కోడిగుడ్డుతో ఆ రోజు కోటా చెల్లు. 30 గ్రాముల కందిపప్పు 300 దాటిస్తుంది. 40 గ్రాముల బియ్యపు అన్నం 140 దాకా. బియ్యాన్ని పచ్చిగానే తూయండి. మెత్తగా వండినరోజు, పొడిగా వండినరోజు అన్నం బరువు ఒకటి కాదు. మిగతా కోటా బీరకాయ, సొరకాయ లాంటి కూరలకు పోతుంది. కడుపు నిండటానికి సగ్గుబియ్యం ఉంది, ప్రొటీన్ దాదాపు ఉండదు. ఉప్మా చేస్తే వేరుసెనగపప్పు మాత్రం వద్దు. ఇడ్లీలో మినప్పప్పు ఉందని మరవకండి. నెల్లూరు చేపల పులుసులో చింతపండుతో, మామిడికాయతో పేచీ లేదు. చేప ముక్కలు వేయకముందే బిడ్డకు కాస్త పులుసు వేరే గిన్నెలోకి తీసేయండి.

ఇంత తక్కువ ప్రొటీన్‌తో బిడ్డ ఎదగదు. ఆ లోటు పూడ్చేది ఫినైల్ అలనిన్ లేని అమైనో ఆమ్లాల పొడి (ఫార్ములా). అసలు తిండి అదే, అన్నం తోడు మాత్రమే. రోజు మోతాదును మూడు నాలుగు సార్లుగా పంచాలి. ఒకేసారి తాగిస్తే కడుపునొప్పి, విరేచనాలు. వాసన భరించలేక బిడ్డ కక్కేస్తుంటే చల్లగా, నిమ్మరసం పిండి ఇవ్వొచ్చు. పొదలకూరు నిమ్మకాయలకు మనకేం కొదవ? పాలల్లో కలిపితే మాత్రం మొదటికే మోసం. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపక్కర్లేదు. ముందు కొలిచిన ఫార్ములా, తర్వాత రొమ్ముపాలు.

"ఒక్క ముద్దకేమైద్దిలే" అనే అమ్మమ్మల కన్నా నాకు భయం వేసేది, అతి జాగ్రత్తతో అన్నీ మానిపించే తల్లిదండ్రులను చూస్తే. ఫినైల్ అలనిన్ మరీ తగ్గితే బరువు పెరగదు, ఒంటిమీద దద్దుర్లు వస్తాయి. శరీరం సొంత కండను కరిగించుకుంటుంది, దాంతో రక్తంలో ఫినైల్ అలనిన్ అంకె తిరిగి పెరుగుతుంది. జ్వరంలోనూ ఇదే జరుగుతుంది. అప్పుడు ఫార్ములా ఆపకుండా, చక్కెర, నెయ్యి వేసిన సగ్గుబియ్యం జావతో శక్తి అందించాలి.

రక్తంలో ఉండాల్సింది లీటరుకు 120 నుంచి 360 మైక్రోమోల్స్. కొన్ని ల్యాబులు డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, అప్పుడది 2 నుంచి 6. యూనిట్ చూడకుండా అంకె చదవకండి. ఏడాదిలోపు వారం వారం, పన్నెండేళ్ల దాకా రెండు వారాలకోసారి, పొద్దున్నే తిండికి ముందు రక్తపు చుక్క తీసి పరీక్ష కార్డు మీద వేయాలి. కార్డును నీడలో ఆరబెట్టాలి, ఎండలో కాదు.

మందుల్లో ఒకటి సాప్రోటెరిన్. కిలో బరువుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు, రోజుకోసారి, తిండితో పాటు. అందరికీ పనిచేయదు. పరీక్షగా వాడినప్పుడు అంకె 30 శాతమైనా తగ్గితేనే కొనసాగిస్తారు. పెగ్‌వాలియేజ్ ఇంజెక్షన్ చిన్నపిల్లలకు కాదు, తీవ్రమైన అలర్జీ రావచ్చు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో పీకేయూ ఉంది. సాయానికి ఒక కేంద్రం హైదరాబాద్‌లో ఉంది: సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షల సంస్థ), నిమ్స్ ఆసుపత్రి.

షుగర్‌ఫ్రీ తీపిలోని ఆస్పర్టేమ్‌లో సగానికి పైగా ఫినైల్ అలనినే. డైట్ కూల్‌డ్రింకులు, చప్పరించే మాత్రల లేబుళ్లు చదవండి.

ఆడపిల్లయితే పెళ్లయ్యాక ఇంకో మాట. గర్భం రావడానికి కనీసం మూడు నెలల ముందు నుంచే అంకె 360 లోపు ఉండాలి. లేకపోతే కడుపులో బిడ్డకు పీకేయూ లేకున్నా తల చిన్నదవడం, గుండె లోపాలు రావచ్చు.