హమాలీ ఎముక, అంగారకుడి కాన్పు

"సార్, అంతరిక్షంల బరువుండదు గదా, మరి ఆడ పుట్టే పిల్లల కాళ్లు సన్నగైతయా?" హన్మకొండలో తొమ్మిదో తరగతి పిల్లగాడు అడిగాడు. జవాబు వెతకాల్సింది ఎనుమాముల మార్కెట్లో.

అక్కడ మిర్చి బస్తాలెత్తే హమాలీ ఎముక రాయి కాదు, ప్రాణమున్న కణజాలం. లోపల సన్నని కాలువల మధ్య ఆస్టియోసైట్లనే కణాలుంటాయి. బస్తా వీపుకెక్కగానే ఎముక వెంట్రుకవాసి వంగుతుంది, కాలువల్లో ద్రవం కదులుతుంది, కణాలకు కబురందుతుంది. బరువు లేనప్పుడు ఇవే స్క్లెరోస్టిన్ అనే ప్రోటీన్ ఎక్కువగా వదిలి, ఎముక కట్టే ఆస్టియోబ్లాస్టుల పని ఆపిస్తాయి. బరువు పడితే ఆ ప్రోటీన్ తగ్గి కట్టుబడి సాగుతుంది. అంతరిక్ష కేంద్రంలో బస్తా సంగతి అటుంచి, సొంత ఒంటి బరువే తెలియదు. కట్టే మేస్త్రీలు చేతులు ముడుచుకుంటే, కూల్చే ఆస్టియోక్లాస్టులు మాత్రం సెలవు పెట్టవు. జాగ్రత్త పడకపోతే తుంటి ఎముకలో నెలకు 1 నుంచి 1.5 శాతం ఖనిజం కరిగి మూత్రంలో పోతుంది. వ్యోమగాములు రోజూ దాదాపు 2 గంటలు కసరత్తు చేసేది అందుకే.

మరి హమాలీ కొడుకు మందపాటి ఎముకలతో పుడతాడా? పుట్టడు. మోసిన బస్తాలు జన్యువులో రాసుకోవు. గ్రహణం నాడు తల్లి బయటికొస్తే బిడ్డకు మొర్రి వస్తుందని తలుపులేసుకోవడం ఎంతో, ఇదీ అంతే. జిరాఫీ మెడ చాచీ చాచీ పొడుగైందని పాఠం చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పరిణామానికి ఒకటే లెక్క: ఎవరి పిల్లలు మిగిలారు? అంగారకుడి మీద ఆకర్షణ మన దాంట్లో 38 శాతమే. అక్కడ తరాల తరబడి ఉండే ఊళ్లో ఆడవాళ్ల కటి ఎముకలు పెళుసుబారితే కాన్పు గండమే. పుట్టుకతోనే ఎముక గట్టిగా ఉన్న తల్లులే గట్టెక్కుతారు. అంటే కాళ్లు సన్నబడటం కాదు, తరతరానికీ ఎముక దిట్టమవ్వొచ్చు!

అలాంటి జన్యువు ఇప్పటికే భూమ్మీద ఉంది. స్క్లెరోస్టిన్ జన్యువు రెండు ప్రతులూ చెడితే ఎముక అదుపు తప్పి పెరిగి, నరాలను నొక్కి, చెవుడు తెస్తుంది. ఒక్క ప్రతే చెడినవాళ్లకు ఆ బాధలుండవు, ఎముక మాత్రం చిక్కగా ఉంటుంది. ఇది ఎక్కువగా కనిపించేది దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికానర్లలో, అంటే యూరప్ నుంచి వచ్చి స్థిరపడ్డ డచ్చివాళ్ల సంతతిలో. వాళ్ల పూర్వీకులుగా వలస వచ్చింది కొద్దిమందే. ఆ కొద్దిమందిలో ఉన్నదే తర్వాత ఎంతోమందికి పాకింది. అంగారకుడికి పోయే మొదటి నౌకలో ఎవరెక్కుతారన్నదీ అట్లాంటి సంగతే.

ఈ లెక్కంతా ఒక్క కత్తిగాటుతో తారుమారు కావొచ్చు. సిజేరియన్ చేస్తే పెళుసు ఎముక తల్లీ బిడ్డను కంటుంది, ఆ జన్యువూ సాగుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలో అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువ.